డోరే "జలప్రళయం" బొమ్మ: రాగి పలకదా, చెక్క దిమ్మదా? మధ్యలో ఆ తెల్ల గీత ఏమిటి?

#1 పాతపటం
టేకు ఫ్రేములో ఉన్న బైబిలు బొమ్మ ఇది. వెనక చీటీ మీద "1500 కాలపు రాగి చెక్కడం" అని చేత్తో రాసుంది. నోవహు నాటి జలప్రళయం, ఆదికాండం 7వ అధ్యాయం. చుట్టూ నీళ్లు, మధ్యలో ఒకే ఒక బండ. బండ కొసన పిల్లతో ఆడపులి. కింద మునిగిపోతున్న అమ్మానాన్నలు తమ పిల్లల్ని బండ మీదికి నెడుతున్నారు. అచ్చు పడ్డంత మేర కొలిస్తే సుమారు 24.5 × 19.5 సెంటీమీటర్లు. ఎడమ మూల "జి. డోరే" అని ఉంది. కుడి మూల సెల్లోటేపు మరక కింద ఏదో పేరు, చదవడానికి రావడం లేదు. బొమ్మ కింద ఇంగ్లీషులో శీర్షిక. వెనక ఖాళీ.

నా సందేహాలు:
రాగి చెక్కడమేనా?
పైనుంచి కిందికి తలవెంట్రుకంత సన్న తెల్ల గీత, స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంది. మడతా, చిరుగా?
మార్జిన్ నిండా గోధుమరంగు చుక్కలు. బ్లీచింగ్ నీళ్లలో ముంచితే పోతాయా?

#2 భూతద్దం10ఎక్స్
పాతపటం గారూ, ముందు ఆ చీటీ సంగతి తేల్చేద్దాం. డోరే అంటే గుస్తావ్ డోరే, 1832లో పుట్టి 1883లో పోయిన ఫ్రెంచి చిత్రకారుడు. ఆయన బొమ్మలతో బైబిలు ఫ్రాన్సులోని టూర్ నగరంలో మామ్ సంస్థ 1866 తేదీతో రెండు పెద్ద సంపుటాలుగా వేసింది. ఇంగ్లీషు కూర్పు లండన్‌లో కాసెల్ వాళ్లు వేశారు. కాబట్టి 1500 మాట చెల్లదు.

ఇక రాగి సంగతి. ఇది రాగి కాదు, చెక్క. 10ఎక్స్ భూతద్దం పట్టుకుని ఈ మూడూ చూడండి.

ఒకటి, బొమ్మ చుట్టూ పలక ఒత్తిడి గుర్తు. రాగి పలకని తడి కాగితంతో కలిపి రెండు రోలర్ల మధ్య నొక్కుతారు. పలక అంచు కాగితంలోకి దిగి చుట్టూ గాడి మిగులుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. చెక్క దిమ్మకి అంత ఒత్తిడి ఉండదు, కాబట్టి ఆ గాడీ ఉండదు.

రెండు, ఇంకు ఎక్కడ కూర్చుంది? రాగిలో గీత అంటే గుంట. గుంటలోని ఇంకుని కాగితం పైకి లాక్కుంటుంది, అందుకే దట్టమైన గీతలు కాగితం మీద కాస్త ఉబ్బుగా ఉంటాయి. చెక్కలో మిగిలిన మిట్టకే ఇంకు పట్టిస్తారు. నొక్కినప్పుడు ఆ ఇంకు పక్కలకి జరిగి గీత రెండంచుల వెంబడి ముదురుగా చేరుతుంది, నడుమ కొంచెం పలచన. భూతద్దంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

మూడు, నీళ్లున్న చీకటి భాగం చూడండి. రాగి పనివాడు తెల్ల కాగితం మీద నల్ల గీతలు పోగేసి చీకటి తెస్తాడు. ఇక్కడ దారి తలకిందులు. నల్లటి దిమ్మలోంచి తెల్ల గీతలు తవ్వి వెలుగు తెచ్చారు. తెల్ల గీతలు ఒకదాన్నొకటి కోసుకున్నచోట మిగిలినవి చిన్నచిన్న నల్ల పలకరాళ్ల ఆకారాలు. అవి కనపడితే ఇంక వాదన లేదు.

#3 అచ్చుమేస్త్రి
ఆ తెల్ల గీత చిరుగు కాకపోవచ్చు. దిమ్మ అతుకు అనిపిస్తోంది.

ఈ పనికి వాడేది బాక్స్‌వుడ్, పొదలాంటి చెట్టు. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కాండం లావెక్కదు. పైగా ఇందులో చెక్కేది నిలువు పలక మీద కాదు, కాండాన్ని అడ్డంగా కోసిన ముఖం మీద. అలా కోస్తే వచ్చే బిళ్ల అరచేతిని మించదు. 24 సెంటీమీటర్ల బొమ్మకి ఒక్క బిళ్ల ఎక్కడిది? చిన్న బిళ్లల్ని చతురస్రంగా కోసి, పక్కపక్కన పేర్చి, వెనకనుంచి బోల్టులతోనో జిగురుతోనో బిగించి ఒకే ముఖంగా నునుపు పట్టిస్తారు. దిమ్మ ఎత్తు అచ్చక్షరం ఎత్తుకి సమానం, దాదాపు 23 మిల్లీమీటర్లు. అందువల్లే చెక్క బొమ్మని అక్షరాలతో కలిపి ఒకే ఫారంలో బిగించి ఒకే దెబ్బకి అచ్చేయవచ్చు. రాగితో అది కుదరదు.

చెక్కేటప్పుడు అతుకు మీదుగా గీతలు కలుపుకుంటూ పోతారు. తరవాత వాతావరణం పొడిగా మారినా, అచ్చు ఒత్తిడికి బోల్టు వదులైనా బిళ్లలు వెంట్రుకవాసి ఎడమవుతాయి. ఆ సందులో ఇంకు పట్టదు. అచ్చులో నిట్టనిలువు తెల్ల గీత పడుతుంది. సాధారణంగా ఇవి బొమ్మ నడుమనో, మూడో వంతు దగ్గరో ఉంటాయి. అడ్డంగా ఇంకొకటి ఉన్నా ఆశ్చర్యం లేదు, వెతకండి.

పరీక్ష ఇది. గది చీకటి చేసి, టార్చిని బల్లకి ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టండి. మడతైతే గీత వెంబడి నీడ పడుతుంది, కాగితపు నూగు లేస్తుంది. అతుకైతే కాగితం చదునుగా ఉంటుంది, ఇంకు మాత్రమే ఉండదు. తరవాత గీత బొమ్మ హద్దు దాటి మార్జిన్‌లోకి పోయిందేమో చూడండి. మడత అక్కడితో ఆగదు, అతుకు హద్దు దగ్గరే ఆగుతుంది. చివరగా ఇదే బొమ్మకి మ్యూజియంల సైట్లలో ఉన్న పెద్ద స్కాన్లు తెరిచి పోల్చండి. అదే చోట అదే గీత కనిపిస్తే అతుకేనని తేలినట్టే.

#4 పాతపటం
చేశాను మేస్త్రిగారూ. నీడ లేదు. గీత బొమ్మ హద్దు దగ్గరే ఆగిపోయింది. వెనక తిప్పి చూస్తే ముదురు భాగాలున్నచోట కాగితం కొద్దిగా ఉబ్బింది, మిగతాచోట్ల లేదు. ఇదేమిటి?

#5 అచ్చుమేస్త్రి
మంచి గుర్తు అది. చెక్క అచ్చులో అంతటా ఒకే ఒత్తిడి ఇస్తే నలుపు పాలిపోతుంది, ఆకాశంలోని సన్న గీతలు మాత్రం బలుస్తాయి. అందుకని యంత్రం నడిపే మనిషి, కాగితాన్ని నొక్కే పక్కన పలచటి కాగితం ముక్కలు కత్తిరించి అతికిస్తాడు. ముదురు భాగానికి రెండు మూడు పొరలు, లేత భాగానికి ఏమీ ఉండవు. ఒక్క బొమ్మకి దీన్ని సరిచూసుకోడానికే గంటలు పడతాయి. అలా ఎక్కువ ఒత్తిడి పడ్డచోటే వెనక ఉబ్బు. ఆఫ్‌సెట్ (ఈనాటి యంత్రపు అచ్చు) నకలులో వెనక పక్క అద్దంలా చదునుగా ఉంటుంది.

#6 నల్లసిరా
ఒక సవరణ. మీ చేతిలో ఉన్నది బహుశా నేరుగా చెక్క దిమ్మ నుంచి పడిన అచ్చు కాదు, దాని ఎలక్ట్రోటైపు నుంచి పడింది. చెక్కిన దిమ్మని వేలకొద్దీ అచ్చులకి పెడితే అరిగిపోతుంది, పగులుతుంది. అందుకే దిమ్మ మీద మైనంతోనో గట్టాపర్చా అనే రబ్బరులాంటి చెట్టు బంకతోనో మూస తీస్తారు. మూసకి గ్రాఫైట్ పొడి పూసి కాపర్ సల్ఫేట్ తొట్టిలో కరెంటు పెడతారు. మూస మీద రాగి పల్చటి పెంకులా పేరుకుంటుంది. దాన్ని ఒలిచి వెనక సీసం మిశ్రమం పోసి బలం ఇస్తారు. ఒకే బొమ్మ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు భాషల కూర్పుల్లో రావడానికి వీలు కలిగింది దీనివల్లే. దిమ్మ అతుకు కూడా మూసలోకి దిగుతుంది కాబట్టి తెల్ల గీత ఎలక్ట్రోలో కూడా అలాగే ఉంటుంది.

ఆ చీటీ రాసినాయన "రాగి" అన్నది ఆ లెక్కన నూటికో పాలు నిజమే సుమా!

శీర్షిక ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇది మామ్ వారి మొదటి ఫ్రెంచి కూర్పు ఆకు కాదు. కాసెల్ బైబిలైనా కావాలి, తరవాత అట్లాంటిక్‌కి రెండు వైపులా వచ్చిన బొమ్మల సంపుటాల్లోదైనా కావాలి. వంద బొమ్మల "బైబిల్ గ్యాలరీ" లాంటి చౌక కూర్పులు 1880ల నుంచి బాగా తిరిగాయి. తేడా కాగితంలో దొరుకుతుంది. ఖరీదైన కూర్పు కాగితం మందంగా, నేటికీ వంగే గుణంతో ఉంటుంది. చౌక కూర్పుది చెక్కగుజ్జు కాగితం. అంచులు తేనెరంగుకి తిరిగి, మూల వంచితే పుటుక్కున విరుగుతుంది. వంచి చూడకండి, రంగు చూస్తే చాలు.

కుడి మూల పేరు చెక్కిన పనివాడిది. డోరే దిమ్మ మీద సిరాతో, తెల్ల రంగుతో పూత వేసినట్టు బొమ్మ గీసి ఇస్తాడు. నీడల్ని గీతలుగా మార్చే పని చెక్కేవాడిదే. పిజాన్, పన్నెమాకర్, జోన్నార్, గుస్మాన్ లాంటివాళ్లు ఆ బృందంలో ఉన్నారు. ఒకే బైబిల్లో ఆకాశం ఒక బొమ్మలో మెత్తగా, ఇంకోదాంట్లో గరుకుగా ఉందంటే చేతులు మారాయని అర్థం.

#7 గోదారిగట్టు
చుక్కలకి పెద్ద ఆలోచన అక్కర్లేదు. ఇంట్లో వాడే బ్లీచ్ లీటరు నీళ్లకి రెండు మూతలు. పావుగంట ముంచి తీస్తే తళతళలాడుతుంది. వీడియోలు బోలెడు ఉన్నాయి.

#8 గంజిపిండి
గోదారిగట్టు అన్నా, దయచేసి ఆ సలహా ఇక్కడ వద్దు. బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్. అది చుక్క రంగుని పోగొట్టడంతో ఆగదు, కాగితంలో సెల్యులోజ్ గొలుసుల్నే తెగ్గొడుతుంది. ఎంత కడిగినా క్లోరిన్ అవశేషం కొంత నారలో మిగిలిపోతుంది. మొదటి నెల తళతళ నిజమే. తరవాత కాగితం మొత్తం పసుపు తిరుగుతుంది, పట్టుకుంటే పెళుసు. పైగా అచ్చు చుట్టూ తెల్లగా సున్నం కొట్టినట్టు కనిపించే కాగితాన్ని తెలిసినవాడు మొదటి చూపులోనే పట్టేస్తాడు.

పాతపటం గారూ, ఆ చుక్కలు ఫాక్సింగ్. కాగితంలో చిక్కుకున్న ఇనుప రేణువుల వల్లో, తేమకి పట్టిన బూజు వల్లో వస్తాయి, ఒక్కోసారి రెండూ కలిసి. బొమ్మ మీదికి పాకనంతవరకు అలా వదిలేయడమే మేలు. తేమ తగ్గిస్తే కొత్తవి రావు.

చేయదగినది చెబుతాను, ఈ వరసలోనే చేయండి.

ఫ్రేము వెనక మేకులు కట్టింగ్ ప్లేయర్‌తో లాగండి, సుత్తితో కొట్టొద్దు. హార్డ్‌బోర్డు తీసి పారేయండి. దాని ఆమ్లమే కాగితం వెనక గోధుమరంగు చారలు తెస్తుంది. అద్దానికి కాగితం అంటుకుని ఉంటే ఎక్కడిదక్కడ ఆపేయండి. లాగితే ఇంకు అద్దం మీద మిగిలిపోతుంది.

బొమ్మని శుభ్రమైన తెల్ల కాగితం మీద పెట్టి, మెత్తటి వెడల్పు బ్రష్షుతో నడిమి నుంచి అంచులకి దుమ్ము తోయండి. ముందు వెనక పక్క, తరవాత ముందు పక్క. మార్జిన్ మురికికి పొగ తుడిచే రబ్బరు స్పాంజి ముక్కతో ఒకే దిక్కుకి సున్నితంగా అద్దండి. అచ్చు భాగం మీద స్పాంజి వద్దు. అచ్చు ఇంకు మసి, అవిసెనూనెల మిశ్రమం. నీళ్లకి కరగదు కానీ రాపిడికి మెరుపు వస్తుంది.

సెల్లోటేపు ఊడిపోయి జిగురు మాత్రమే మిగిలితే క్రేప్ రబ్బరు ముక్కతో కొద్దికొద్దిగా ఎత్తండి. ఎండి పసుపై నారలోకి దిగిన మరక ఇంట్లో పోదు. హెయిర్ డ్రయర్ పెడితే జిగురు కరిగి ఇంకా లోపలికి పోతుంది. అసిటోన్ చుక్క వేస్తే మరక కదిలి చుట్టూ వలయంగా ఆగుతుంది, అప్పుడు చదవలేని పేరు ఇంకా చదవలేకుండా పోతుంది. ఆ ఒక్క పనికి కాగితం సంరక్షకుల దగ్గరికి వెళ్లండి. వారసత్వ సంపదని కాపాడే ఇంటాక్ సంస్థ వారి సంరక్షణ కేంద్రాలు ఇలాంటివి చూస్తాయి.

#9 గోదారిగట్టు
సరే, వెనక్కి తీసుకున్నా. మైదా జిగురుతో అట్టకి అతికించొచ్చా, అది కూడా తప్పేనా?

#10 గంజిపిండి
మైదా కూడా వద్దన్నా. మైదాలో గ్లూటెన్ ఉంటుంది, గట్టిపడి కాగితాన్ని లాగుతుంది, పురుగుని పిలుస్తుంది. గోధుమ స్టార్చ్ వేరుగా దొరుకుతుంది, అది వాడాలి. స్టార్చ్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ నాలుగైదు వంతులు. అరగంట నానబెట్టి, సన్నటి సెగ మీద ఆపకుండా కలుపుతూ 20 నుంచి 30 నిమిషాలు ఉడికించండి. పాలలా ఉన్నది గాజులా పారదర్శకంగా మారి గరిటె నుంచి తెరలా జారాలి. చల్లార్చి జల్లెడ పట్టి, వాడేటప్పుడు కొంచెం నీళ్లతో పలచన చేసుకోండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు, పుల్లటి వాసన వస్తే పారేయాలి.

బొమ్మ మొత్తాన్ని అట్టకి అతికించడం అన్నిటికంటే పెద్ద తప్పు. జపనీస్ కాగితంతో వేలి వెడల్పు ముక్కలు రెండు చింపండి, కత్తెర వద్దు. చింపిన అంచులోని నార పలచగా దిగుతుంది, ముందు పక్కకి గీత పడదు. పై అంచు వెనక రెండు చోట్ల అతికించి, వాటితో బొమ్మని అట్టకి వేలాడదీయండి. కింద, పక్కల వదులుగా ఉంచండి. వానాకాలం కాగితం సాగుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. నాలుగు వైపులా కట్టేస్తే అలలు పడతాయి.

#11 డల్లాస్‌బాబాయ్
మంచి చర్చ. ఇక్కడ ఎస్టేట్ సేల్‌లో కనపడిన ఇంకో షీటు సంగతి అడుగుతా. ఇదీ ఆదికాండమే. కింద ఎడమ "ఎం. డె వోస్ ఇన్‌వెంట్.", కుడి "ఐ. సాడ్లెర్ స్కల్ప్. ఎట్ ఎక్స్‌క్యుడ్." అని ఉంది. చుట్టూ గాడి ఉంది. ఇది రాగేనా?

#12 భూతద్దం10ఎక్స్
బాబాయ్ గారూ, ఆ రాత చెప్పేది ఇది. "ఇన్‌వెంట్" అంటే బొమ్మ కల్పించినవాడు, ఇక్కడ ఆంట్వెర్ప్ చిత్రకారుడు మార్టెన్ డె వోస్. "స్కల్ప్" అంటే పలక చెక్కినవాడు. "ఎక్స్‌క్యుడ్" అంటే అచ్చేసి అమ్మినవాడు. "పింక్స్" ఉంటే రంగుల చిత్రం వేసినవాడు, "డెలిన్" ఉంటే రేఖాచిత్రం గీసినవాడు. సాడ్లెర్ చెక్కడమూ అమ్మడమూ రెండూ చేశాడన్నమాట. లాటిన్లో ఇంటిపేరు ముందు "ఐ" అంటే యోహాన్నెస్.

గాడి ఉంది కాబట్టి అసలుదని మాత్రం తేల్చేయకండి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1504లో చెక్కిన "ఆదాము హవ్వ"నే తీసుకోండి. 1566లో యోహాన్నెస్ వీరిక్స్ పదహారేళ్ల వయసులో దాన్ని గీతకి గీతగా నకలు చేశాడు. అదీ రాగే, దానికీ గాడి ఉంటుంది. మళ్లీ 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో అమాన్ దురాన్ ఫొటో తీసి రాగి మీద తొలిచి వేసిన ప్రతులకీ గాడి ఉంటుంది. వాటి వెనక ఎర్ర ముద్ర చూడాలి, కొందరు దాన్ని గీకేస్తారు కూడా. కొన్ని నకళ్లకైతే ఊరికే ఇనప రేకుతో నొక్కిన దొంగ గాడి ఉంటుంది. అసలు గాడి లోపల కాగితం సాధారణంగా బయటికంటే నున్నగా ఉంటుంది, పలక తుడిచినప్పుడు మిగిలిన ఇంకు పొర పలచగా కనిపిస్తుంది. దొంగ గాడిలో రెండూ ఉండవు.

కాగితాన్ని దీపానికి అడ్డం పెట్టండి. 1500ల కాగితమైతే రెండున్నర మూడు సెంటీమీటర్లకొక నిలువు తీగ గీత, వాటికి అడ్డంగా దగ్గరదగ్గర సన్న గీతలు కనిపించాలి. గీతలేవీ లేని కాగితమైతే 18వ శతాబ్దం నడుమ కంటే ముందుది కాదు. చివరిగా యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి. నీలితెలుపుగా వెలిగితే అందులో బ్రైటనర్, అంటే తెలుపు పెంచే రసాయనం ఉంది, అది 1950 ప్రాంతం తరవాతి కాగితం. ఆ ఒక్క పరీక్ష చాలాసార్లు బేరాన్ని ముగించేస్తుంది.

#13 నల్లసిరా
పలక అసలుదైనా అచ్చు ఆలస్యంగా పడొచ్చు, అది మరచిపోవద్దు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1648 ప్రాంతంలో పూర్తిచేసిన "రోగులను బాగుచేస్తున్న క్రీస్తు", జనం "నూరు గిల్డర్ల బొమ్మ" అంటారు. ఆ పలక కెప్టెన్ విలియం బైలీ చేతికి వచ్చాక 1775లో అరిగిన గీతల్ని మళ్లీ తొలిచి అచ్చులు తీశాడు. ఆపైన పలకని నాలుగు ముక్కలు చేసి ముక్కల్నీ అచ్చేశాడు. అవన్నీ "రెంబ్రాంట్ పలక నుంచే". కానీ రెంబ్రాంట్ చేతి నుంచి కాదు.

ఒక పక్కమాట. ఇలాంటి బొమ్మలు మన దేశం చేరింది నిన్నా మొన్నా కాదు. 1580లో ఫతేపూర్ సిక్రీకి వచ్చిన జెస్యూట్లు (కాథలిక్ మతగురువులు) ఆంట్వెర్ప్‌లో ప్లాంటిన్ అచ్చేసిన బహుభాషా బైబిలు అక్బరుకి ఇచ్చారు. మొగల్ చిత్రకారుడు అబుల్ హసన్ 13 ఏళ్ల వయసులో, 1600 ప్రాంతంలో, డ్యూరర్ 1511లో చెక్కిన సిలువ బొమ్మలోని యోహాను ఒక్కణ్ణే తీసుకుని గీశాడు. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. నకలంటే చిన్నచూపు చూసేవాళ్లు ఆ అంగీ మడతలు ఒకసారి చూడాలి.

#14 పాతపటం
యూవీ కింద నాది మసక పసుపుగానే ఉంది, వెలగలేదు. భూతద్దంలో చూస్తే ఆఫ్‌సెట్ నకళ్లలో ఉండే అచ్చు చుక్కల గళ్లూ లేవు. నల్ల పలకరాళ్లు కనిపించాయి! అయితే ఇది "ఒరిజినల్" అనుకోవచ్చా?

#15 అచ్చుమేస్త్రి
నా లెక్కలో దిమ్మ నుంచి తీసిందే ఒరిజినల్. ఎలక్ట్రో నుంచి తీసింది ఆ కాలపు అచ్చు మాత్రమే.

#16 నల్లసిరా
మేస్త్రిగారూ, అలాగైతే డోరే బైబిలు ఒరిజినల్ అనేదే చాలామందికి దొరకదు. పుస్తకం కోసమే పుట్టిన బొమ్మ ఇది. ఆ కాలంలో ఆ పుస్తకానికే పడింది కాబట్టి అసలుదే అంటాను. కాకపోతే అమ్మేటప్పుడు "19వ శతాబ్దపు వుడ్ ఎన్‌గ్రేవింగ్, పుస్తకపు ఆకు" అని రాయాలి. "డోరే చెక్కినది" అని రాస్తే తప్పు, ఆయన చెక్కలేదు. ఇలాంటి విడి ఆకులు చాలానే తిరుగుతున్నాయి కాబట్టి మరమ్మతుకి ఆకు విలువని మించి ఖర్చు పెట్టకండి. మొత్తం సంపుటం దొరికితే మాత్రం ఆకులు చింపి అమ్మే పని ఎవరూ చేయొద్దు.

డల్లాస్ బాబాయ్ లాంటివాళ్లు ఇక్కణ్ణించి తెప్పించుకునే ముందు ఒకటి చూసుకోవాలి. మన 1972 పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన కళావస్తువుల్ని లెక్కలోకి తీసుకుంటుంది. దేశం దాటించేముందు భారత పురావస్తు శాఖ (ఏఎస్ఐ) వాళ్లని అడగాల్సిందే.

#17 పాతపటం
ఇల్లు కాకినాడ. మళ్లీ ఫ్రేములో పెట్టి హాల్లో తగిలించొచ్చా?

#18 గంజిపిండి
తగిలించొచ్చు, ఎండ తగలని లోపలి గోడకి. బయటి గోడ అయితే వానలకి చెమ్మ వెనకనుంచి వస్తుంది. ఫ్రేము కింది మూలలకి వెనక బిరడా ముక్కలు అతికిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. లోపల ఆమ్లం లేని మౌంటు అట్ట, అద్దానికీ కాగితానికీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం. గదిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు ఖాయం. చిన్న హైగ్రోమీటరు ఒకటి పక్కన పెట్టుకోండి, 45 నుంచి 55 మధ్య ఉంటే హాయి. వెలుతురు 50 లక్స్ చాలు. ఇంకు వెలిసిపోదు కానీ కాగితం ముదురుతుంది.

వెండిచేప పురుగులకని లోపల నాఫ్తలీన్ ఉండలు పెట్టకండి. అనుమానం ఉంటే ఫ్రేములో పెట్టకముందే బొమ్మని రెండు అట్టల మధ్య పెట్టి, పాలిథిన్ కవరులో గాలి లేకుండా సీలు చేసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పొద్దు. ఒక రోజంతా గది వేడికి రానివ్వండి, లేదంటే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది.

#19 గోదారిగట్టు
మా ఇంట్లో ఫ్రిజ్ పై అర మైనస్ 18 చూపిస్తుంది. సరిపోతుందా?

#20 గంజిపిండి
తలుపు మాటిమాటికీ తెరుస్తారు కదా, లోపల వేడి ఊగుతుంటుంది. మైనస్ 18 నిలకడగా ఉంటే మూడు వారాలకి పెంచండి. ఐస్ ట్రే పక్కన మాత్రం పెట్టకండి, కవరుకి చిల్లి పడితే అంతే సంగతులు.